రేవుపట్నంలో జంపక్క కూత

పులిహోర పొట్లం ఒకటి మిగిలింది.

విశాఖపట్నం బీచ్‌రోడ్డు పక్కన, బస్సు నీడలో పిల్లలు వరసగా కూర్చుని తింటున్నారు. రమణ సారు ఆ పొట్లం పట్టుకుని వరస చివరిదాకా నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చారు.

"ఎవరికి అందలేదమ్మా?"

ఎవరూ చెయ్యెత్తలేదు.

"హోటలోడు ఒకటెక్కువ ఏసిండు కావచ్చు సారూ. ఇద్రీస్‌కియ్యండి. ఆ పొట్టకు ఒకటేం సాలుద్ది?" అంది జంపక్క.

"చూసిన్రా సార్, పొద్దుగాల్నుంచి నా పొట్ట మీదనే అక్క కన్ను," అని డ్రైవర్ ఇద్రీస్ బస్సు మెట్టు మీద నుంచే చెయ్యి చాపాడు.

పిల్లలు నవ్వారు. జంపక్క కూడా నవ్వబోయి ఆగిపోయింది. తన ఎడమచేతి వంక చూసుకుంది. వేళ్ళు ముడిచి, మళ్ళీ విప్పి చూసుకుంది.

"ఉంగి," అంది. "సారూ, ఉంగి లేదు."

ఇది రెండువేల ఐదు దసరా సెలవుల్లో జరిగింది. చర్ల దాటి అడవిలోకి పోతే ఒక ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల ఉంది. జంపక్క అందులో ఆయా. రమణ సారు సోషల్ చెప్పేవారు, ఊరు మధిర. విశాఖలో తనకు తెలిసిన ఒక హాస్టల్ సెలవులకు ఖాళీ అవుతుందని కనుక్కుని, నాలుగు రోజులు అక్కడ ఉండి పిల్లలకు పాతబస్తీ కట్టడాలు చూపించాలని ఆయనే పూనుకున్నారు. నేనప్పుడు ఆ బడిలో తెలుగు చెప్పేదాన్ని. ఆ రోజు మిగతా పిల్లల్ని కనిపెట్టుకుని బస్సులోనే ఉండిపోయాను. కాబట్టి ఆ మధ్యాహ్నం నుంచి జరిగింది జంపక్క, ఇద్రీస్ తర్వాత చెప్పగా విన్నదే.

జంపక్క పిల్లల్ని లెక్కపెట్టేది కాదు. లెక్క రాక కాదు, దాని మీద నమ్మకం లేక. "పిల్లలు ఒక్కతాన ఉంటరా? అటొకతి ఇటొకతి ఉరుకుతది, లెక్క చెడుద్ది," అనేది. ఆమెకు జతలే నమ్మకం. వాగులో స్నానానికి పోయినా, కట్టెలకు పోయినా పిల్లల్ని ఇద్దరిద్దర్ని కలిపేది. ఒకతి చెయ్యి ఒకతి వదలకూడదు. తిరిగి వచ్చేటప్పుడు "మీ జతలున్నయా?" అని ఒక్కసారి అడిగేది. జత లేని పిల్ల ఏడుస్తుంది కదా, అంతే లెక్క. పొంగే వాగు దగ్గర కూడా ఆ పద్ధతి ఎన్నడూ తప్పలేదు.

ఈ ప్రయాణంలో పిల్లల సంఖ్య బేసి అయింది. మిగిలిన ఒక్కతె ఉంగమ్మ, జంపక్క ఉంగి అని పిలిచేది. ఆ ఏడే బడిలో చేరింది. ఆ పిల్లది రాష్ట్ర సరిహద్దుకు ఆనుకున్న గూడెం, తెలుగు రెండు మూడు ముక్కలు తప్ప రాదు, కోయ భాషే. జంపక్కది కూడా కోయ గూడెమే కనక, ఆ పిల్ల పగలంతా ఆమె కొంగు పట్టుకునే తిరిగేది. ఉంగికి జత జంపక్కే అయింది.

అసలు ఆ పిల్లను ఈ ప్రయాణానికి పంపడానికి వాళ్ళ తాత పగిడయ్య ఒప్పుకోలేదు. జంపక్క గూడేనికి పోయి వాకిట్లో కూర్చుంది.

"సముద్రం చూసొచ్చి ఏం జేస్తది? దున్నుతదా?" అన్నాడు ముసలాయన.

"చూస్తది మామా. చూసొచ్చి నీకు చెప్తది. నువ్వూ చూడలే, నేనూ చూడలే."

ముసలాయన చుట్ట వెలిగించుకుని, "దాని చెయ్యి నువ్వు పట్టుకుంటెనే తోల్త. ఇంకొకలు పట్టుకునుడు గాదు," అన్నాడు.

"నేనే పట్టుకుంట."

ఆ రోజు పొద్దున పాతబస్తీలో ఆమె పట్టుకునే ఉంది. వన్ టౌన్ వీధులన్నీ రేవు వైపు వాలి ఉంటాయి. వానాకాలం పోయినా, రాత్రి కురిసిన వానకు కాలవల్లో నీళ్ళు పారుతున్నాయి. రమణ సారు ముందు నడుస్తూ, చెయ్యెత్తి చూపిస్తూ గొంతు చించుకుని చెబుతున్నారు. ఇది గుండ్రటి కమాను, అది మొన తేలిన కమాను. ఆ చెక్క జాలీలు ఎండను ఆపి గాలిని రానిస్తాయి. ఆ ఎత్తు కప్పులు ఉక్క తగలకుండా ఉండటానికి. టౌన్‌హాల్ ముందు పిల్లల్ని మెట్ల మీద కూర్చోబెట్టి, తలా ఒక కాగితమిచ్చి, కంటికి నచ్చిన ముక్క ఏదైనా గీయమన్నారు.

జంపక్క అక్కడి స్తంభం ఒకదాన్ని అరచేత్తో తట్టి చూసింది. ఆమె ఇల్లు ఆమే కట్టుకుంది. తడికెలు అల్లి, మట్టి మెత్తి, ఏటేటా ఎర్రమన్నూ తెల్లమన్నూ పూసి అంచులు తీర్చుకునేది. "ఇన్నేండ్లు నిలబడ్డదంటె ఏటేటా ఎవరో పూస్తున్నట్టే," అంది తనలో తాను.

ఉంగి మాత్రం గీయలేదు. కమాను కింద నిలబడి, తల వెనక్కి వాల్చి, పైన సున్నంతో తీర్చిన పూలతీగ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వేలితో గాలిలో పట్టుకుంటూ పోయింది.

"ఈ ఇల్లు ఎవరిది?" అని కోయలో అడిగింది.

"దొరలది."

"వాళ్ళేరి?"

"పోయిన్రు."

"తాళమెయ్యకుండనే పోయిన్రా?"

జంపక్కకు నవ్వాగలేదు. ఆ మాట రమణ సారుకు తెలుగులో చెబితే, ఆయన కూడా నవ్వి, "అంత తేలిగ్గా పోలేదని చెప్పు," అన్నారు.

తర్వాత కొండ మీది చర్చికి ఎక్కారు. కింద రేవు, ఓడలు, ఎదురుగా సముద్రంలోకి చొచ్చుకుపోయిన కొండ. ఆ చప్టా మీద నుంచి చూస్తే పక్క కొండల మీద గుడి, దర్గా కూడా కనిపిస్తాయి. పిల్లలు కేకలు పెట్టారు. దిగేటప్పుడు ఒక చిన్నపిల్లకు ఎండదెబ్బ తగిలి వాంతి అయింది. జంపక్క ఉంగి చెయ్యి వదిలి, ఆ పిల్ల మొహం కడిగి, భుజాన వేసుకుని మెట్లు దిగింది. దారి పొడుగునా "ఇగో అయిపాయె, ఇగో అయిపాయె" అంటూనే ఉంది. దొరల కాలం నాటి రాణి బొమ్మ దాటి బస్సు దగ్గరికి వచ్చాక, భుజం మీది పిల్లను సీట్లో పడుకోబెట్టి, ఎప్పటిలాగే అడిగింది.

"మీ జతలున్నయా?"

"ఉన్నయి!" అన్నారంతా.

ఏ పిల్లా ఏడవలేదు. ఏడవాల్సిన జత తనే.

బీచ్‌రోడ్డు నుంచి ఇద్రీస్ బస్సును మళ్ళీ పాతబస్తీకి తిప్పాడు. హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. రమణ సారు ముందు సీట్లో కూర్చుని, వెనక్కి తిరగకుండానే, "ఇన్నేళ్ళ ఆయావి. చెయ్యి ఎలా వదిలావు?" అన్నారు. ఆ పిల్లకు పూచీగా ప్రయాణం కాగితాల్లో సంతకం పెట్టింది ఆయనే.

రాణి బొమ్మ దగ్గర దిగాక సారు పోలీసుల దగ్గరికి పోయారు. జంపక్క, ఇద్రీస్ వెతకడానికి పోయారు.

పొద్దున చూసిన దారే. కానీ ఇప్పుడు ప్రతి కట్టడానికీ మూలలే కనిపిస్తున్నాయి. స్తంభం వెనక ఖాళీ, మెట్ల కింద చీకటి, జాలీ అవతల మూసిన గది, మార్కెట్ కమాను లోపల పేర్చిన గంపల సందులు. అందంగా ఉందన్న ప్రతిదీ ఒక పిల్లను దాచుకోగలిగేదే. చర్చి తలుపులు తోసి, బల్లల కింద వంగి వంగి చూసింది. టౌన్‌హాల్ కావలాయన "లోపలికెవులూ రాలేదమ్మా, తాళం నా కాడే ఉంది" అన్నా వినక, కిటికీ రెక్కలకు మొహం ఆనించి కోయలో పిలిచింది.

"ఏం గౌను?" అని అడిగినవాళ్ళకు బస్సులో పిల్లలందరూ వేసుకున్నదే చెప్పాల్సి వచ్చింది. ఆకుపచ్చ గళ్ళ గౌను, రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. "పేరు పిలిస్తే పలుకుతాదా?" అని ఒక బట్టల కొట్టాయన అడిగాడు.

"కొత్తోళ్ళు పిలిస్తె పలకదు బాబూ."

"మరెలాగమ్మా?"

అప్పుడు ఆమె కూత పెట్టింది.

బీడీలు చుట్టే తునికాకు కోయడానికి పోయినప్పుడు అడవిలో ఆడవాళ్ళు ఒకరికొకరు కనబడరు. ఒకామె నోటి చుట్టూ అరచేతులు చేర్చి "కూ..." అని పొడుగ్గా పిలుస్తుంది. విన్నామె వెంటనే తిరిగి కూయాలి. జవాబు రాకపోతే అటువైపు ఎవరూ లేరనుకుని పిలిచినామె ఇంకోవైపు పోతుంది. పోల్చుకోలేని గొంతుకు, ముఖ్యంగా మగగొంతుకు, ఎవరూ పలకరు. పలకకపోగా దూరంగా తప్పుకుంటారు. ఉంగి నడక నేర్చిన నాటి నుంచీ విన్న కూత అది.

జంపక్క నడివీధిలో నిలబడి "కూ..." అంది. రిక్షాలు ఆగాయి. మేడల మీద కిటికీలు తెరుచుకున్నాయి.

ఎడమవైపు సందులోంచి "కూ..." అని వచ్చింది.

ఆమె కొంగు బిగించి పరుగెత్తింది. ఇద్రీస్ వెనకే ఉరికాడు. సందు చివర ముగ్గురు పిల్లలు గోడ మీద కూర్చుని, ఆమెను చూసి మళ్ళీ కూశారు.

"అరే, నోరుముయ్యున్రి!" అని ఇద్రీస్ చెయ్యెత్తాడు. వాళ్ళు నవ్వుతూ అవతలికి దూకారు. జంపక్క పక్క వీధిలోకి వెళ్ళి మళ్ళీ కూత పెట్టింది. ఈసారి రెండు మేడల మీద నుంచి జవాబొచ్చింది. ఆమె ఒకదాని మెట్లెక్కి పైదాకా పోయింది. అక్కడ బట్టలారేస్తున్న ఆమె "ఏటమ్మా? ఎవులు కావాలి?" అంది. వాడకట్టు పిల్లలందరికీ అది ఆటైపోయింది. ఎటు తిరిగినా కూతలే. అవి వాళ్ళవేనని తెలిసి కూడా జంపక్క ప్రతి కూతకూ పోయింది. ఇద్రీస్ ఆపబోతే, "ఒక్కటి అది కూసిందైతే?" అంది.

రేవులో ఏదో ఓడ మోగింది. దానికీ ఆమె తిరిగి చూసింది.

పొద్దు వాలే వేళకు ఒక ఇంటి అరుగు మీద కూలబడింది. ఇద్రీస్ టీ తెచ్చిచ్చాడు. గ్లాసు పక్కన పెట్టి వంగి చూస్తే, అరుగు కింద కాలవలో నీళ్ళు గలగలమంటూ పల్లానికి పోతున్నాయి.

"ఇద్రీసూ, అది నీళ్ళెంట పోయింది."

"ఏ నీళ్ళక్కా?"

"గీ నీళ్ళే. నా నోరు పడిపోను. నేనే చెప్పిన దానికి."

చిన్నప్పుడు జంపక్క అడవిలో తప్పిపోయింది. అమ్మ వెంట ఇప్పపూవుకు పోయి, దారి మరిచి, ఒక వాగు పట్టుకుని నడిచింది. వాగు ఇంకో వాగులో కలిసింది, అది గోదావరిలో కలిసింది. ఒడ్డున పడవ కట్టేసుకుంటున్న మనిషి కనబడి, ఊళ్ళో అప్పజెప్పాడు. బడి హాస్టల్లో పిల్లలు నిద్రపోయే ముందు ఈ కథే అడిగేవాళ్ళు. "తప్పిపోతె ఏడ్సుకుంట కూసోవద్దు. నీళ్ళెటు పోతె అటు పోవాలె. నీళ్ళు ఊరికే తోల్కపోతయి," అని ముగించేది. ఉంగికి కోయలో మళ్ళీ ఒకసారి చెప్పేది. ఆ పిల్లకు బడిలో అర్థమైన మొదటి పాఠం అదే.

"ఇక్కడి నీళ్ళు ఏ ఊరికీ పోవు," అంది జంపక్క. లేచి కాలవ వెంట పడింది.

కాలవ రెండు వీధులు దాటి రాతిపలకల కింద దూరింది. పలకల మీద నడిచారు. మళ్ళీ బయటపడి ఒక పెద్ద మురుగులో కలిసింది. మురుగు పక్కన పందులు, పాత ఇనుము దుకాణాలు. ఇద్రీస్ ప్రతి దుకాణం ముందూ ఆగి అడిగాడు. ఒకతను మాత్రం "ఆకుపచ్చ గౌనా? ఒక పాప ఇలా ఎళ్ళినాది బాబూ. ఎవులి పిల్లో అనుకున్నాను," అన్నాడు.

"ఎప్పుడు?"

"మద్దేన్నం."

జంపక్క పరుగెత్తింది. మురుగు తిన్నగా పోయి రేవు గోడకు తగిలింది. గోడ అడుగున ఇనపకడ్డీల జాలీ. దాని కిందనుంచి నల్లటి నీళ్ళు లోపలికి పోతున్నాయి. జాలీ ఒక మూల విరిగి ఉంది. పెద్దవాళ్ళు పట్టరు. పిల్ల పడుతుంది.

జంపక్క మోకాళ్ళలోతు మురుగులోకి దిగి, ఆ సందులో తల పెట్టి కూసింది. లోపల నుంచి ఆమె గొంతే తిరిగి వచ్చింది.

గోడకున్న గేటు దగ్గర కావలివాడికి తెలుగు రాదు. ఇద్రీస్ హిందీలో బతిమాలాడు. లోపలికి ఎవరినీ పంపకూడదన్నాడు ఆ మనిషి. "నువ్వే ఒకసారి చూసిరా భాయ్, నీ కాళ్ళు మొక్కుతా," అన్నాడు ఇద్రీస్. కావలివాడు మురుగులో నిలబడ్డ జంపక్కను చూశాడు. ఏమనుకున్నాడో, టార్చి తీసుకుని లోపలికి పోయాడు.

అతను తిరిగి వచ్చేదాకా ఆమె నీళ్ళలోనే నిలబడి, విరిగిన కడ్డీని రెండు చేతులా పట్టుకుని ఉంది.

"కుఛ్ నహీ," అన్నాడతను వచ్చి. ఏమీ లేదు. తర్వాత గొంతు తగ్గించి ఇద్రీస్‌కు ఇంకేదో చెప్పాడు.

"ఏమన్నడు?" అంది జంపక్క.

ఇద్రీస్ ఆమెను పైకి రమ్మని చెయ్యి చాపాడు.

"ఇద్రీసూ, ఏమన్నడు?"

"సముద్రం పోటు దిగుతాందట అక్కా. నీళ్ళల్ల ఏమన్న పడ్డా, ఈపాటికి ఓడల కాలవ దాటి సముద్రంలకు గుంజేస్తదట."

జంపక్క కడ్డీ వదల్లేదు. ఇద్రీస్ దిగి, వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, పైకి లాగాడు. ఆమె గోడకానుకుని కూర్చుంది. పగిడయ్య ముసలాయన చుట్ట గురించి ఏదో అంది. మాట సగంలోనే గొంతు బొంగురుపోయింది.

ఇద్రీస్ ఆమె పక్కన కూర్చున్నాడు. "అక్కా, అడివిల వాగు బండ కిందికి పోతె మీరేం జేస్తరు? మీరూ బండ కిందికే దూరుతరా?"

ఆమె తల తిప్పి చూసింది. దూరరు. బండ చుట్టూ తిరిగి, అవతల మళ్ళీ నీళ్ళు పట్టుకుంటారు. ఆ ముక్క కూడా ఆమె ఉంగికి చెప్పిన కథలో ఉంది.

గోడ వెంట నడిచారు. అది ఎంతకీ తెగదు. లారీలు దుమ్ము లేపుతూ పోతున్నాయి. ఆమె పది అడుగులకోసారి కూత పెట్టబోయేది. మొదట బొంగురుగా వచ్చింది, తర్వాత సగం వచ్చింది, ఆ తర్వాత గాలి మాత్రమే వచ్చింది. గోడ అయిపోయే చోట చేపలరేవు మొదలైంది. పడవలు, వలల గుట్టలు, ఎండుచేపల వాసన. వెలుగు తగ్గిపోయింది. అప్పుడు దూరంగా, పడవల అవతల నుంచి వినిపించింది.

"కూ..."

"మళ్ళ ఎవడో పోరడు," అన్నాడు ఇద్రీస్ విసుగ్గా.

జంపక్క అతని చొక్కా పట్టి గుంజింది. కాదన్నట్టు తల ఊపింది. పట్నం పిల్లలు పెదవులతో కూశారు. ఇది కడుపులోంచి వచ్చింది. చివర ఎక్కిళ్ళతో తెగింది. ఆమె అరచేతులు నోటికి చేర్చి, మెడ నరాలు పొంగేలా బలమంతా పెట్టింది. ఏమీ రాలేదు. మళ్ళీ పెట్టింది. పక్కనున్న ఇద్రీస్‌కు కూడా వినబడలేదు.

ఆ కూత మళ్ళీ వచ్చింది. జవాబు కోసం ఆగింది.

ఇద్రీస్ ఆమె మొహం చూసి, సంగతి అర్థమై, తనే అరచేతులు పెట్టి "కూ..." అన్నాడు. జంపక్క అతని నోరు మూసేలోపే అయిపోయింది. మగగొంతు పడవల మధ్య మోగింది.

అవతల కూత ఆగిపోయింది. చాలాసేపటికి మళ్ళీ వినబడింది, ఇంకా దూరం నుంచి. సముద్రం వైపు నుంచి.

ఆమె పరుగెత్తింది. తాళ్ళు తగిలి పడింది, లేచింది. గంపలెత్తుతున్న జాలరి ఆడవాళ్ళు "ఏటే, ఏటైనాదే?" అని అరుస్తున్నారు. ఆమె చేతులతో గౌను ఎత్తు చూపించింది, జడలు చూపించింది. ఒకామె రేవు గట్టు కొసవైపు చెయ్యి చాపింది. "ఆ కొసకి ఎల్తంది. రాయే అంటే రాదు, మా మాట దానికి తెలీదు, దాని మాట మాకు తెలీదు."

గట్టు సిమెంటుది, సన్నగా నీళ్ళలోకి పోయి ఆగుతుంది. కొసన ఉంగి నిలబడి ఉంది. వీపు ఇటువైపు. కాళ్ళ వేళ్ళు అంచు దాటి ఉన్నాయి. దూరంగా దీపాలు వెలిగించిన ఓడ ఒకటి నిలబడి ఉంది. ఆ పిల్ల దాని వైపు చూస్తూ, అరచేతులు నోటి చుట్టూ చేర్చి, మడమలు ఎత్తింది. పిలవడానికి జంపక్క దగ్గర గొంతు లేదు. పిలిచినా ఉలిక్కిపడి ముందుకే పడుతుందేమో. చప్పుడు కాకుండా ఉరికి, రెండు జడలూ కలిపి పట్టుకుని వెనక్కి లాగింది.

ఇద్దరూ తడి సిమెంటు మీద పడ్డారు. పిల్ల మొదట కొరకబోయింది, గోళ్ళతో రక్కింది. మనిషిని పోల్చుకున్నాక ఏడవలేదు. కోపంగా చూసింది.

"నేను పిలుస్తనే ఉన్న. ఎందుకు పలకలే?" అంది కోయలో.

జంపక్క నోరు తెరిచింది.

"అంతసేపు పిలిచిన. ఎందుకు పలకలే నువ్వు?"

జంపక్క తల అడ్డంగా ఊపింది, గొంతు చూపించింది, మళ్ళీ నోరు తెరిచింది. ఉంగి ఇంకా జవాబు కోసమే చూస్తోంది. ఇద్రీస్ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆయాసం తీరాక, "లే అక్కా, బస్సుల పిల్లలున్నరు," అన్నాడు. వాళ్ళను లేపబోతే, జంపక్క పిడికిట్లో జడలు ఇంకా బిగుసుకునే ఉన్నాయి. వాటిని విప్పడానికి అతను చూడలేదు. అలాగే ఇద్దరినీ కలిపి లేపి నడిపించుకొచ్చాడు.